గేటు దగ్గర అడిగిన మాట

మాండలే వెళ్ళే మా బస్సును సైనికులు తనిఖీ గేటు దగ్గర ఆపారు. సర్కారు ఫేస్‌బుక్ మూసేశాక, వీపీఎన్ పెట్టుకుని దొంగచాటుగా చూడనివాళ్ళు మాలో లేరు. అది ఫోనులో కనబడితే జైలే. నేను బస్సెక్కే ముందే తీసేశాను.

మీసాలు కూడా సరిగ్గా రాని సైనికుడొకడు నా ఫోనంతా వెతికాడు. తర్వాత వంగి, గుసగుసగా అడిగాడు.

"అక్కా, నా ఫోనులో వీపీఎన్ పనిచేయట్లేదు. అమ్మ మొహం చూసి నెలలైంది. మీరంతా ఏది వాడుతున్నారు?"

వాడి కళ్ళలో నీళ్ళు. పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకవేవీ తెలీవు తమ్ముడూ."

వాడు తలొంచుకుని వెనక సీటుకు కదిలాడు. నా మీద నాకే అసహ్యమేసింది. చెప్పేద్దామని నేను తిరిగేలోపే, పొద్దున్నుంచీ అందరికీ ఊరేసిన తేయాకు పంచిపెడుతున్న మ్యా టిన్ పిన్ని అందుకుంది.

"ఏడవకు నాయనా. ఫోనిలా ఇవ్వు, నేను పెట్టిస్తాగా."

వాడు కళ్ళు తుడుచుకుని కిటికీలోంచి కేకేశాడు.

"సార్, ఒకత్తి దొరికింది!"

పిన్నిని దించేశాక వాడు తర్వాతి సీటు మీదికి వంగాడు. కళ్ళలో మళ్ళీ నీళ్ళున్నాయి.