పట్టిన చోటు

“అంజిబాబుగారూ, మస్కట్‌లో కూర్చుని అండమాన్ దీవుల్ని ఎలా పట్టేరండి?”

ఫోన్ పెట్టేశాడేమో అనుకుంది వాణి.

ఆమె అమలాపురంలో ఫిజిక్స్ లెక్చరర్. డాబా మీద రెండు అల్యూమినియం కడ్డీలు బిగించి, వాటి వైరు ల్యాప్‌టాప్‌కి తగిలించి, పైనుంచి పోయే వాతావరణ ఉపగ్రహం పంపే ఫొటోలు పట్టుకోవడం ఆమెకు సరదా. అలాంటి సరదా ఉన్నవాళ్లూ, ఆ ఫొటోలు చూసేవాళ్లూ కలిసి అరవై మందితో ఒక వాట్సాప్ గ్రూపు నడుపుతోంది. చేపల వేటకెళ్లే పడవలవాళ్లు కూడా అందులో ఉన్నారు. అందుకే ప్రతి ఫొటో కిందా ఉపగ్రహం పేరు, పట్టిన సమయం, పట్టిన చోటు రాసితీరాలని రూలు పెట్టింది. పోయినేడు ఎవరో పాత తుఫాను ఫొటో తేదీ లేకుండా పెడితే, పదకొండు పడవలు వేట మానుకుని ఒడ్డుకొచ్చేశాయి.

“లైన్లో ఉన్నారా అండి?”

“ఆయ్, ఉన్నానండి మేడంగారూ.”

“మీరు పొద్దున్న పెట్టిన ఫొటోలో అండమాన్ సరిగ్గా నడిమధ్యన ఉంది. అంటే ఉపగ్రహం ఆ దీవుల మీదుగానే పోయింది. అప్పుడు మస్కట్‌కి సిగ్నలే అందదండి. వేరేవాళ్లది తెచ్చి పెట్టేరా?”

“అబ్బే, లేదండి. నేను పట్టిందే. ఒరిజినల్ ఫైలు కావాలంటే పంపుతాను.”

“మరి చోటు?”

అంజిబాబు గొంతు తగ్గించాడు. “రాజోలండి.”

అతనే చెప్పుకొచ్చాడు.

“అక్కడ కంపెనీ మూసేసేరండి. వచ్చేసి నాలుగు నెలలైంది. బండారులంకలో మా ఇంటికి వెళ్లడానికి ముఖం చెల్లలేదు. ఇక్కడే ఏదో పని దొరికితే గది తీసుకుని ఉండిపోయేను. ఇన్నాళ్లూ అరేబియా సముద్రం వైపు ఫొటోలే ఏరి పెట్టేవాణ్ణండి. ఇవాళ్టిది ఒక్క గీత లేకుండా పడింది. ఆశ ఆపుకోలేకపోయేను.”

“ఇంట్లో తెలీదా?”

“మా ఆవిడ వీరదుర్గ గ్రూపులోనే ఉందండి. ఈ మబ్బులూ గట్రా ఆవిడకేం తెలీవు. నా ఫొటో కింద మస్కట్ అని చూసుకుని, నేను బాగానే ఉన్నానని ధైర్యంగా మగ్గమెక్కుతుంది. ఇంకో వీసా వచ్చేదాకా ఆ ఒక్క మాటా ఉండనివ్వండి. దానివల్ల ఎవరి పడవా మునగదు కదండీ.”

మునగదు. అది వాణికీ తెలుసు.

“ఇవాళ మిమ్మల్ని చోటు మార్చనిస్తే, రేపు ఇంకొకరిని తేదీ మార్చనివ్వాలండి,” అంది. “సాయంత్రం ఆరింటిలోగా సరిచేయండి. లేదంటే గ్రూపులోంచి తప్పుకోండి. ఎందుకు తప్పుకున్నారో నేను ఎవరికీ చెప్పను.”

“తప్పుకుంటే ఆవిడ కంగారుపడుతుందండి.”

“మీ ఇష్టం,” అని వాణి క్లాసుకు వెళ్లిపోయింది.

ఆరింటికి పది నిమిషాలుండగా ఆ ఫొటో మళ్లీ వచ్చింది. కింద ఉపగ్రహం పేరు, సమయం ఉన్నాయి. మూడో వరుసలో, “చోటు: రాజోలు. నాలుగు నెలలుగా మస్కట్ అని రాసింది అబద్ధం. క్షమించాలి,” అని ఉంది.

పడవల సత్తియ్య వెంటనే జవాబిచ్చాడు: “పర్లేదు బాబూ. వాన ఎప్పుడో చెప్పు.”

వాణి అంజిబాబు ఫొటో కింద “సరిచేసినందుకు థాంక్స్” అని పెట్టి, ఆ తన మెసేజ్‌ను ఎవరెవరు చూశారో తీసి చూసింది. వీరదుర్గ అందరికంటే ముందే చూసింది. ఒక్క మాటా రాయలేదు. పావుగంట గడిచింది. రూలు సరైనదేనని వాణికి అనుమానం లేదు. అయినా చేతిలో టీ పక్కన పెట్టేసింది. గ్రూపులో నంబరు వెతికి ఫోన్ చేసింది.

“వీరదుర్గగారా అండి? గ్రూపు వాణినండి. అంజిబాబుగారి మెసేజ్ చూసేరా?”

“ఆయ్, చూసేనండి.” వెనకాల మగ్గం చప్పుడు ఆగలేదు.

“రూలు రూలేనని నేనే పట్టుబట్టేనండి. మీ ఇద్దరి మధ్యా జరగాల్సిన మాట అరవై మందిలో జరిగింది. కష్టపెట్టుకోకండి.”

మగ్గం ఆగింది.

“ఆయన నోట్లోంచి ఈ మాట ఎప్పుడొస్తుందా అని నాలుగు నెలలుగా కాసుకుని కూర్చున్నానండి, మేడంగారూ,” అంది వీరదుర్గ. “ఆయన వచ్చేసిన సంగతి నాకు చెప్పిన నా స్నేహితురాలి భర్తనే బతిమాలి, నా పేరు చెప్పొద్దని ఒట్టేయించుకుని, రాజోలులో ఆయనకి ఆ పని ఇప్పించింది నేనే కదండీ.”