మంత్రి గడిలో రాజు

లైవ్ మొదలయ్యే ముందు స్టూడియో గోడకున్న చదరంగం బోర్డు మీద రాజునీ మంత్రినీ తారుమారు చేసి, నిర్మాత అద్దాల గదిలోకొచ్చి కూర్చుంది. ఆ కాలనీ టీవీలో చదరంగం పాఠం ఇవాళ చెప్పేది చిన్నప్పుడు ఆమెకు నేర్పిన మాస్టారే. ఆయన చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది, దాని మైకు ఆమె ముందుంది.

"చూసుకోకుండా మొదలెడతాడు. కాలనీ అంతా నవ్వాలి," అంది, పక్కన కెమెరాలు మారుస్తున్న తమ్ముడితో.

"ఎందుకక్కా ఈ గొడవ?"

మాస్టారు బోర్డు వైపు తిరిగి ఒక్క క్షణం ఆగాడు. పకపకా నవ్వాడు.

"ఎవరో రాజునీ మంత్రినీ అటూ ఇటూ పెట్టేశారు! తెల్ల మంత్రి తెల్ల గడిలోనే ఉండాలి. నా దగ్గర ఓ పిల్ల ఉండేది, ఎన్నిసార్లు చెప్పినా ఇలాగే పెట్టేది. ఓ రోజు బల్లెక్కించి, దీని మొహం చూడండర్రా అన్నాను. క్లాసంతా ఒకటే నవ్వు! అంతే, మళ్ళీ రాలేదు."

నిర్మాత పళ్ళు పటపటా కొరికింది. ఇన్నేళ్ళూ ఆయన మర్చిపోయుంటాడనుకుంది. మర్చిపోలేదు. నలుగురినీ నవ్వించడానికి దాచుకున్నాడు.

మైకు నొక్కింది.

"ఆ పిల్లనే మాట్లాడుతున్నాను మాస్టారూ. తర్వాతేమైందో కూడా చెప్పండి."

సరిచేయడానికి మంత్రిని పట్టుకున్న మాస్టారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అక్కా, ప్రకటన వేసెయ్యనా?"

"వద్దు. మొహం దగ్గరగా చూపించు."