ఐదో కాలు

"పైపొర ఒక్కటే కొత్తది. కింద ఏనుగు చెక్కుచెదరలేదు," అన్నాడు రంగుల డాక్టరు, ల్యాబ్ నుంచి వచ్చి ఇంకా బూట్లయినా విప్పకుండా.

భార్య ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది.

"అయితే తియ్యండి," అంది. ఆ పూట రెండు ముద్దలు తింది.

ఆయన ఉద్యోగం పాత గోడబొమ్మల పరీక్ష. వెయ్యేళ్ళ నాటి బొమ్మ మీంచి ఆవగింజలో సగం పెచ్చు తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఎరుపు జేగురుమన్నో కాదో, నలుపు దీపం మసో బొగ్గో చెప్పేస్తాడు. ఓసారి మ్యూజియం వాళ్ళు చాటింపు వేసి మరీ తెచ్చుకున్న పురాతన చిత్రంలో నిన్నగాక మొన్న పుట్టిన తెల్లరంగు ఉందని తేల్చి, వాళ్ళ మొహాలు కూడా అదే రంగుకి తిప్పాడు. "మనిషి అబద్ధమాడతాడు గానీ రంగు ఆడదు," అంటాడు. అపార్ట్‌మెంటు వాళ్ళకి మాత్రం ఆయన, వంటింటికి ఏ రంగు వేస్తే మాయదో ఉచితంగా చెప్పే మనిషి.

హాలు గోడ మీద ఏనుగుని వేసింది పాప. ఒంటికి నాన్న షూ పాలిష్, చెవులకి అమ్మ లిప్‌స్టిక్, మిగతాదంతా మైనపు రంగులు. అప్పుడు మొగుడూ పెళ్ళాం కలిసి చెడామడా తిట్టారు. ఇద్దరూ ఏకమాట మీద నిలబడ్డ సందర్భాల్లో అదొకటి.

తర్వాత పాప జ్వరంతో ఆస్పత్రికి వెళ్ళింది. తిరిగి రాలేదు.

వారం తిరక్కుండా ఆయన అక్కగారు దిగింది. "పరామర్శకి నలుగురూ వస్తారు. ఈ గోడ చూసి ఏమనుకుంటారు?" అని, తమ్ముడు మరణ ధ్రువపత్రం కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న పూట రంగులవాళ్ళని పిలిపించింది. మరదలు లోపల మంచానికి అతుక్కుపోయి ఉంది. ఇక అడ్డేముంది? వచ్చిన నలుగురూ ఏడ్చి, ముక్కు చీది, "ఇది ఏ కంపెనీ షేడండీ?" అని కనుక్కుని మరీ వెళ్ళారు.

అప్పటినుంచి ఆయన భార్య తిండి మానేసి గోడకేసి చూస్తూ కూర్చుంది. ఈవేళ ఈ రెండు ముద్దల దాకా.

ఆదివారం ఆయన గోడకి అడ్డంగా పాత దుప్పటి కట్టి, వెనక స్టూలు వేసుకున్నాడు. "నువ్విటు రాకు. మందుల ఘాటు."

"నేనెందుకొస్తాను లెండి."

అలా ఆదివారాలు గడిచాయి. ముందు తొండం వచ్చింది, తర్వాత చెవి. ఆవిడ స్నానం చేసి జడ వేసుకోవడం మొదలుపెట్టింది. చెప్పుల స్టాండు మీద పాలిష్ డబ్బా ఖాళీ అయితే, తనే బజారుకెళ్ళి కొత్తది తెచ్చి పెట్టింది. పాప పోయాక ఆవిడ గడప దాటడం అదే మొదలు.

ఫోన్లో ఆడపడుచు నవ్వింది. "వేయించిన రంగు గీకుతున్నాడా? చదువెక్కువైతే ఇంతే!"

"గీకడం కాదు వదినగారూ, పొర తీస్తున్నారు."

చివరికి దుప్పటి తీశాడు. ఏనుగు నిలబడి ఉంది. ఆవిడ దగ్గరికెళ్ళి చూసింది.

"నాలుగు కాళ్ళే ఉన్నాయేమిటండీ?"

"ఏనుగుకి నాలుగేగా?"

"పాప ఐదు వేసింది. పడిపోకుండా ఉంటుందంది."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

"ఆఁ... ఐదోది ఇంకా పొర కిందే ఉండిపోయినట్టుంది. అక్కడ రంగు మందంగా పడింది."

"తొందరేం లేదు. కాస్త పొట్టిగా, కుడివైపుకి వాలి ఉంటుంది. చూసుకోండి."

మళ్ళీ దుప్పటి కట్టాడు. మరుసటి ఆదివారానికి ఐదో కాలు వచ్చింది. పొట్టిగా, కుడివైపుకి వాలి.

"ఇదేనా?" అన్నాడు, పరీక్ష రాసిన పిల్లాడిలా.

"అచ్చం ఇదేనండీ."

పాప పోయాక కన్నీటిచుక్క రాల్చని మనిషి, స్టూలు మీదే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ ఆయన తల నిమిరి, ఏడుపు తగ్గేదాకా నిలబడింది.

తర్వాత లోపలికెళ్ళి, బీరువాలోంచి పాప పెన్సిల్ డబ్బా తీసి, రంగులవాళ్ళు ఆ గోడని సిమెంటు తేలేదాకా గీకేసిన రోజున నేల మీంచి తను చేత్తో ఎత్తి దాచుకున్న ఏనుగు పొడిని ఒకసారి చూసుకుని, మూత పెట్టేసింది.