నలభైయ్యో నిమిషం

సరిగ్గా నలభైయ్యో నిమిషంలో మేనేజరు లాప్‌టాప్ గుడ్లు తేలేసింది. ఫ్యాను ఒక్కసారి గుర్రుమని ఆగింది, గోడమీద బొమ్మ ఆరిపోయింది. అరవై పేజీల నివేదికలో పదమూడో పేజీ దగ్గరే సోమవారం మీటింగు చతికిలబడింది.

అలవాటు ప్రకారం అందరూ పుస్తకాలు మూసేసి సగం లేచారు. అంతలోనే మళ్లీ కూర్చున్నారు. ఎందుకంటే ఆ రోజు పెద్ద డైరెక్టరు స్వయంగా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. చివరి పేజీ అయ్యేదాకా ఎవరూ కుర్చీ వదలకూడదన్న నియమం పెట్టింది ఆయనే.

"ఇది ఎన్నాళ్లనుంచి ఇలా ఉంది?" అని అడిగాడాయన. మేనేజరు తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. ఈ మెషీన్ల సంగతి చూసేదెవరని డైరెక్టరు గట్టిగా అడిగేసరికి, గదిలో ఉన్న కళ్లన్నీ తలుపు పక్కన నిలబడ్డ స్క్రూలమ్మ వైపు తిరిగాయి.

టెక్నీషియన్‌గా చేరి ఆరు నెలలు కావస్తోంది. చేతిలో ఎప్పుడూ స్క్రూల డబ్బా ఉంటుందని ఆఫీసు పెట్టిన పేరది. ఆ లాప్‌టాప్ ఒక్కపూట ఇవ్వమని ఆమె మేనేజరును నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ ఆయన అర్జంటు పనుందనే అన్నాడు. ఆ మాట ఇప్పుడు చెబితే పితూరీ అవుతుంది.

"వచ్చే సోమవారంతో నీ ప్రొబేషన్ అయిపోతుంది కదమ్మా. ఆ రోజు కూడా ఇది ఆగిపోతే, నిన్ను పర్మనెంట్ చేసే కాగితం మీద సంతకం పడదు" అని డైరెక్టరు తేల్చి చెప్పి వెళ్లిపోయాడు.

డైరెక్టరు అలా అన్నాక మేనేజరుకు లాప్‌టాప్ ఇవ్వక తప్పలేదు. మర్నాడు పొద్దున్నే ఆమె దాని అడుగు విప్పింది. ఫ్యానులో బొంతకు సరిపడా దుమ్ము. ప్రాసెసర్ వేడిని పైనున్న రాగి పలకకు అందించాల్సిన పేస్టు ఎండిపోయి, గోటితో గీకితే సున్నపు పెచ్చుల్లా రాలింది. దాన్ని స్పిరిట్‌తో తుడిచి, కొత్త పేస్టు బఠాణీ గింజంత పెట్టి, స్క్రూలు ఐమూలగా బిగించింది. తొంభై ఏడు డిగ్రీల వేడి ఎనభై నాలుగుకు దిగింది. అది ఆమెకు చాల్లేదు. ఉద్యోగం ఎనభై నాలుగు డిగ్రీల మీద నిలబడదని భయం.

అందుకని ప్రాసెసర్‌కు అందే వోల్టేజీని కూడా కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోయింది. తగ్గించిన ప్రతిసారీ అరగంట నడిపి చూసింది. ఒకచోట తెర బిగుసుకుపోయింది, ఆమె గుండె కూడా దాంతోపాటే ఆగినంత పనైంది. ఒక మెట్టు వెనక్కి వచ్చింది. పని వేగం తగ్గలేదు, వేడి మాత్రం అరవై ఆరు దగ్గర బుద్ధిగా కూర్చుంది.

ఇంకొక్కటే మిగిలింది. మీటింగులో మేనేజరు తన లావుపాటి నీలం ఫైలును లాప్‌టాప్ పక్కన, సరిగ్గా వేడిగాలి బయటికొచ్చే సందుకే ఆనించి పెడతాడు. పెద్దాయన అలవాటు, మాన్పించలేం. ఆమె కూడా ఆ సందుకు ఒక అట్టముక్క అడ్డం పెట్టి మూడు గంటలు నడిపింది. డెబ్బై ఎనిమిది దాటలేదు.

సోమవారం వచ్చింది. నలభైయ్యో నిమిషానికి అందరూ గడియారం చూశారు. నలభై ఒకటి. నలభై రెండు. బొమ్మ గోడమీద నిక్షేపంగా ఉంది. స్క్రూలమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. మేనేజరు ఫైలును మరికాస్త దగ్గరికి జరిపాడు. ఇంకాసేపటికి మళ్లీ జరిపాడు. ఆమె నవ్వుకుంది.

గంటన్నర దాటాక అకౌంట్స్ అక్క, బడి నుంచి పిల్లను తీసుకురమ్మని చెల్లెలికి బల్లకింద మెసేజ్ పెట్టింది. షుగరున్న స్టోర్స్ బాబాయి జేబులో బిస్కెట్టు తడుముకున్నాడు. మూడు గంటల పది నిమిషాలకు అరవయ్యో పేజీ అయింది. ఆ సంగతి డైరెక్టరు ఫోనులో చెప్పించుకుని మరీ సంతోషించాడు.

ఆఫీసులో ఇంకెవరూ సంతోషించలేదు. బాబాయి మొహం తిప్పుకుని వెళ్లాడు. అక్క మాత్రం ఆగి, "బాగా చేశావమ్మా. ఇంత బాగా చెయ్యమని నిన్నెవరడిగారు?" అంది. ఆ మాటకు స్క్రూలమ్మ మనసు చివుక్కుమంది. అంతలో మేనేజరు రమ్మంటున్నాడని కబురొచ్చింది.

లోపలికి వెళ్లింది. బల్లమీద ఆమె కాగితం ఉంది. కింద సంతకం ఉంది. ఆరు నెలల బరువు భుజాల మీంచి దిగిపోయి ఆమె కళ్లు చెమర్చాయి. థాంక్స్ చెప్పబోతే మేనేజరు చెయ్యెత్తి ఆపాడు.

"ఆ తలుపు వెయ్యమ్మా" అన్నాడు. ఆమె వేసింది. ఆయన నీలం ఫైలు మీద చెయ్యి వేసి గొంతు తగ్గించాడు.

"రెండేళ్లు మనందర్నీ కాపాడింది ఇదే. ఇవాళ ఎంత అడ్డం పెట్టినా లాప్‌టాప్ ఆగలేదు. ఆ పాత పేస్టు పారేశావా, ఏమైనా దాచావా?"