గాలికి కట్టిన చీర

వేసవంతా గాలివానలే అయిపోయిన రోజులవి. కాకినాడలో వీధికి నాలుగు బుల్లి విమానాలున్నా, మెరుపులకు రేడియోలు మూగబోయేవి. గాలి ఎటుందో చూసుకుని దిగడానికి, హైమ డాబా మీద దండెం చివర కట్టిన పసుపు చీరే ఆ వీధికంతటికీ గుర్తు.

"తడిసిపోతున్నాయని బట్టలన్నీ తెచ్చేశానే!" నిన్ననే ఊరినుంచి వచ్చిన అత్తగారు మెట్లు దిగింది. ఆ కుప్పలో పసుపు చీర కూడా ఉంది. హైమ భర్త గోవర్ధన్ విమానంలో వచ్చే వేళ!

"అది ఆరేసిన చీర కాదత్తయ్యా!"

చీర లాక్కుని డాబా ఎక్కి, కొంగు పట్టుకుని గాలికి వదిలింది. మబ్బుల్లో తిరుగుతున్న విమానం గాలికి ఎదురు తిరిగి రోడ్డు మీద దిగింది. దిగినవాడు పక్కింటి జోసఫ్.

"మా ఆయనేడీ?"

"నాకంటే ముందే బయల్దేరాడు వదినా. ఇంకా రాలేదా?"

హైమ చీర వదల్లేదు. అత్తగారు వెనకనుంచి వచ్చి, గాలికి పడిపోకుండా కోడలి నడుం గట్టిగా పట్టుకుంది.