అన్నానికి వేరే గంప

“ఆ గంప ముట్టాకు పౌలన్నా! కోసిన కోళ్ళు పెట్టింది దాన్లోనే!”

గుండిగెడు అన్నాన్ని గంపలోకి వంపబోతున్న పౌలు చేయి మేరి కేకకు ఆగిపోయింది. ఎమ్మిగనూరు చర్చి వెనుక పందిట్లో ఆ రోజు పెండ్లి విందు. ఇంటికొక కోడి చొప్పున పేటంతా పంపింది. వాటిని కోయించి, వండించి, వడ్డించే బాధ్యతను మేరి పట్టుబట్టి నెత్తిన వేసుకుంది.

“కడిగినాను కదక్కా!”

“కోళ్ళు కడిగిన తొట్టి నీళ్ళతోనేనా?”

మసాలా నూరుతున్న హనుమక్క పకపక నవ్వింది. “అల్లునికి ముద్ద పెట్టేకి మమ్మల్నందర్నీ ఉడకబెట్టేటట్లుండావు మేరక్కా!”

“ఉడికిన దాన్తో ఎవురికీ ముప్పు లేదు.”

పోయిన ఏటి కోత పండుగను మేరి మరువలేదు. ఆ విందులోనూ పచ్చికోళ్ళు మోసిన గంపలోనే అన్నం పోశారు. మరునాటికి పేటలో సగం మందికి వాంతులు, విరేచనాలు. ఒక ప్రాణం దక్కలేదు. ఆదోని నుంచి వచ్చిన డాక్టరు, కోళ్ళ పేగుల్లో కంటికి కనబడని క్రిములుంటాయని చెప్పి, గంపను చూపించమన్నాడు. పెద్దలు మాత్రం సాతాను పని అని తేల్చారు. సాతాను పనైతే ఎవరూ ఏదీ కడగనక్కరలేదు.

మేరి కొత్త గంప తెప్పించింది. కత్తిపీట మీద మరిగే నీళ్ళు పోయించింది. పౌలు గొణుగుతూనే మోచేతుల దాకా సబ్బు రుద్దుకున్నాడు.

పంక్తి మీద పెండ్లికొడుకు యేసేపు మారు అడిగి పెట్టించుకున్నాడు. పెండ్లికూతురు తలెత్తి, “నువ్వూ కూసోమ్మా. పొద్దున్నుంచి నిలబడే ఉండావు,” అంది.

“నువ్వు తిను తల్లీ. నీ కడుపు సల్లగుంటే నాకదే సాలు.”

మరునాడు మేరి ఇల్లిల్లూ తిరిగి, కడుపులెట్లున్నాయని అడిగింది.

“ఇంకింత కూర పెట్టు, సెప్తాము!” అన్నారందరూ.

చివరగా కొత్త దంపతుల గడప ముందు నిలిచింది. యేసేపు ఎదురొచ్చాడు. “ఇద్దరమూ బాగుండాము అత్తా. పొద్దున్నే లేసి ఆ పిల్లే రొట్టెలు సేసింది.”

మేరి తృప్తిగా తలూపింది. ఇంటికి వెళ్ళి, ఏడాదిగా ముట్టని కోడికూర వడ్డించుకుని కడుపునిండా తింది.

కోత పండుగకు దక్కని ఆ ప్రాణం యేసేపు మొదటి భార్యది, మేరి కన్నకూతురిది.