చదివి వినిపించడమైనది

కవరు వచ్చి మూడు రోజులైంది. గుమస్తా దాన్ని జేబులోంచి తీయలేదు. యూనివర్సిటీ ముద్ర కవరు మీద ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి, చూపు లేకపోయినా ఎక్కడి నుంచి వచ్చిందో బొటనవేలికి తెలిసిపోయింది. లోపల ఏముందో తెలియాలంటే మాత్రం గురువారం దాకా ఆగాలి. గురువారాలు రిజిస్ట్రారుగారు వస్తారు.

రిజిస్ట్రారుగారు రిటైరై తొమ్మిదేళ్లు. ఊళ్లో ఆయన చెయ్యని సేవ లేదు. రక్తదాన శిబిరాలు ఆయనవే, పార్కులో మొక్కలు ఆయనవే. మొక్కలకు కూడా ఫైలు నెంబర్లు వేశాడని జనం నవ్వుకుంటారు గానీ, ఆయన నాటిన మొక్క ఒక్కటీ ఎండలేదు. చూపు లేనివాళ్ల ఇళ్లకు వెళ్లి ఉత్తరాలు చదివి పెట్టడం ఈ మధ్య మొదలుపెట్టాడు. ఆ పట్టికలో మొదటి పేరు గుమస్తాది.

గుమస్తా ఒకప్పుడు ఆయన కిందే, పరీక్షల విభాగంలో పనిచేశాడు. పదహారేళ్ల కిందట ఒక ప్రశ్నపత్రం ముందే బయటికి పొక్కింది. బీరువా తాళం గుమస్తా దగ్గరుంది గనుక నేరం గుమస్తాదే అన్నారు. ఉద్యోగం ఊడింది. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఆ ఏడు పరీక్ష రాసినవాళ్లలో అతని కూతురు కూడా ఉంది. కూతురి కోసమే చేశాడని లోకమంతా అంటే, ఆ పిల్ల కూడా నమ్మింది. అప్పటినుంచి తండ్రితో మాట లేదు. ఆమెకు పెళ్లయిందనీ బిడ్డ పుట్టిందనీ తనతో ఉండే అక్కయ్య చెబితేనే గుమస్తాకు తెలిసింది.

తర్వాత చక్కెర జబ్బు కళ్లు తీసుకుపోయింది. అయినా తన పేరు మీద మచ్చ చెరిపెయ్యమని ఏటా ఒక అర్జీ పెడుతూనే ఉన్నాడు. తనను ఇంటికి పంపిన కాగితం మీద సంతకం చేసిన రిజిస్ట్రారుగారిని మాత్రం పల్లెత్తు మాట అనడు. పైనుంచి ఒత్తిడి వస్తే పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడంటాడు.

గురువారం సరిగ్గా పదింటికి రిజిస్ట్రారుగారు వచ్చాడు. అక్కయ్య టీ పెట్టింది. ఆయన కవరును చింపలేదు, కత్తెరతో అంచు కోశాడు. ముందు తనలో తాను చదువుకున్నాడు.

"పోయిందా సార్?" అన్నాడు గుమస్తా.

"పోలేదయ్యా. గెలిచావు."

ఆపైన పైకి చదివాడు. పునఃపరిశీలించిన మీదట గుమస్తా నిర్దోషి అని తేలినట్టు, ఇన్నేళ్ల క్షోభకు యూనివర్సిటీ విచారిస్తున్నట్టు, అతని నిజాయితీని రికార్డుల్లోకి ఎక్కిస్తున్నట్టు. పాత ఆఫీసు మాటలు చెవినపడుతుంటే గుమస్తా పెదవులు కూడా కదిలాయి. కాసేపటికి అతను చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. వెంటనే అమ్మాయికి ఫోను చేయమన్నాడు. అసలు ఉత్తర్వు రావడానికి మూడు వారాలు పడుతుందని, అది చేతికొచ్చాకే చెబితే బాగుంటుందని రిజిస్ట్రారుగారు నచ్చజెప్పాడు. గుమస్తా సరేనన్నాడు. ఆఫీసు పద్ధతి అతనికి తెలియనిదా?

అందినట్టు సంతకం పెట్టాల్సిన కాగితం కోసం రిజిస్ట్రారుగారు వసారాలో ఉన్న సంచి దగ్గరికి వెళ్లాడు. అక్కయ్య వెనకే వచ్చింది.

"బాబూ, నాకు అక్షరమ్ముక్క రాదు. కానీ ఆ ఉత్తరంలో నాలుగు వరసలే ఉన్నాయి. మీరు పావుగంట చదివారు."

రిజిస్ట్రారుగారు తలుపు దగ్గరగా వేశాడు. "అందులో ఏముందో అడక్కమ్మా. వాడి ముఖం చూడు."

ఆమె తలుపు సందులోంచి చూసింది. తమ్ముడి ముఖం అలా వెలగడం ఆమె పదహారేళ్లుగా చూడలేదు. అంతా అర్థమైంది. ఈ అర్జీ కూడా చెత్తబుట్టలోకే పోయిందన్నమాట.

"మరి సంతకం ఎందుకు బాబూ?"

"సంతకం అడగని ఆఫీసుంటుందంటే వాడు నమ్ముతాడా?"

అక్కయ్యకు ఏడుపులో నవ్వొచ్చింది. ఇలాంటి మనిషి ఊరికొకడున్నా చాలుననుకుంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు లోపలికి వచ్చింది.

టైపు చేసిన కాగితం సంచిలో సిద్ధంగానే ఉంది. సంతకం గీత తప్పకుండా ఉండేందుకు సన్నటి కన్నం కోసిన అట్టముక్క ఒకటి గుమస్తా కోసం రిజిస్ట్రారుగారు ఎప్పుడో చేసిపెట్టాడు. దాన్ని కాగితం మీద అమర్చి కలం అందించాడు.

"ఒకసారి చదవండి సార్. చదవనిదే సంతకం పెట్టొద్దని మీరే అనేవారు కదా," అన్నాడు గుమస్తా.

ఉత్తరం అందిందని, అందులోని సంగతులు తనకు సమ్మతమేనని రిజిస్ట్రారుగారు చదివాడు. గుమస్తా తన పూర్తి పేరు, ఒక్క అక్షరం కూడా పొట్టి చేయకుండా రాశాడు. సాక్షిగా అక్కయ్య వేలిముద్ర వేసింది. తమ్ముడి సంతోషం నాలుగు రోజులైనా నిలవాలని గట్టిగా అదిమి మరీ వేసింది. కింద రిజిస్ట్రారుగారి సేవాసంఘం ముద్ర పడింది: చదివి వినిపించడమైనది.

ఉత్తరాన్ని జాగ్రత్తగా ఫైల్లో దాస్తానని రిజిస్ట్రారుగారు తీసుకున్నాడు. ఖాళీ కవరు గుమస్తా జేబులోకి వెళ్లింది. మనవరాలు తనను ఏమని పిలుస్తుందోనని అతను అక్కయ్యను అడుగుతుండగా ఆయన చెప్పులేసుకున్నాడు.

రిజిస్ట్రారుగారి మీద కొత్తగా మొదలైన విచారణకు ఆ మధ్యాహ్నమే పోస్టులో వెళ్లిన ఆ కాగితంలో, ప్రశ్నపత్రం అమ్ముకున్నది తానేనని, రిజిస్ట్రారుగారికి ఆ సంగతే తెలియదని గుమస్తా ఒప్పుకున్నాడు.